నక్షత్రములు మరుగుపడు వేళ

సౌరకుటుంబపు అంచులలో, నెప్ట్యూన్‌కు ఆవల, సూర్యుని చుట్టు తిరుగు మంచు ముద్దలు అసంఖ్యాకముగా కలవు. వానిలో చాలవరకు ఎంత పెద్ద దూరదర్శినిలో చూచినను ఒక చుక్కగానే కనిపించును. చుక్కను చూచి దాని వ్యాసమును, ఆకారమును చెప్పుట యెట్లు? ఆ వస్తువు తన దారిలో ఏదైన నక్షత్రమునకు అడ్డు వచ్చు క్షణమునకై కాచుకొని యుండుట ఇందుకు ఒక ఉపాయము. దీనిని తారాచ్ఛాదనమనవచ్చును. అరబ్బీలో ఇహ్తిజాబ్ అందురు. హిజాబ్ అను మాటకును దీనికిని ధాతువు ఒక్కటే గనుక మన ఉర్దూ విద్యార్థులకు అర్థము వెంటనే స్ఫురించును.

నక్షత్రము అత్యంత దూరమున నుండుటచే దాని కిరణములు మనకు సమాంతరములుగా చేరును. కావున భూమిపై పడు నీడ వెడల్పు ఇంచుమించు ఆ వస్తువు వెడల్పే. నీడ సెకనుకు 24 కి.మీ. వేగముతో సాగుచున్నదనుకొందము. నక్షత్రము మన కంటికి 10 సెకనులు మాయమైనచో ఆ వస్తువుపై 240 కి.మీ. పొడవు గల ఒక జ్యాను మనము గీచినట్లే. ఒక్క జ్యాతో ఆకారము తేలదు. పలు తావులలో పలువురు నిలిచి కాలమును గుర్తింపవలెను. నక్షత్రము ఆరలేదని చెప్పు పరిశీలకుని మాటయు విలువైనదే, నీడ అంచు ఆతనిని చేరలేదని దానివలన తెలియును.

1977 మార్చి 10వ తేదీన యురేనస్ గ్రహము తులారాశిలోని ఒక మసక నక్షత్రమునకు అడ్డు రావలసి యుండెను. అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ ఎలియట్ బృందము దూరదర్శినిని అమర్చిన విమానములో హిందూ మహాసముద్రముపై ఎగిరి దానిని పరిశీలించినది. ఘట్టము జరుగు వేళ కచ్చితముగా తెలియనందున వారు చాల ముందుగానే వెలుగును నమోదు చేయ మొదలిడిరి. ఆ జాగ్రత్తయే ఫలించినది! గ్రహము అడ్డు రాకమునుపే నక్షత్రము పలుమారులు క్షణకాలము మసకబారినది. గ్రహము దాటిన పిదప రెండవ వైపునను అవే దూరములలో అట్లే జరిగినది. ఉపగ్రహములు ఇరువైపుల ఇంత సరిగా సరిపోలునట్లు ఉండజాలవు. అవి వలయములని తేలినది.

అదే రాత్రి తమిళనాడులోని కావలూరు వేధశాలలో 1 మీటరు దూరదర్శినితో జె. సి. భట్టాచార్య, కె. కుప్పుస్వామి గారలు సైతము ఒక మసకబాటును పట్టుకొనిరి. వారు దానిని ఒక క్రొత్త ఉపగ్రహముగా తలచిరి. ఒక్క మసకబాటు చేతనున్నప్పుడు అట్లు తలచుట సహజమే; మా దృష్టిలో అది వారి పరిశీలనకు కొరత గాదు. ఆ వేధశాలను నెలకొల్పిన వేణు బప్పు గారు హైదరాబాదున పెరిగి నిజాం కళాశాలలో చదివినవారని మన విద్యార్థులు గుర్తింతురు గాక.

ఇంతకన్న కఠినమైన ప్రయత్నము 2017లో జరిగినది. సుమారు 650 కోట్ల కి.మీ. దూరమున నున్న అరోకాత్ అను చిన్న వస్తువును న్యూ హొరైజన్స్ నౌక సమీపింపనుండెను. దాని ఆకారము ఎవరికిని తెలియదు. జూన్ 3న దక్షిణాఫ్రికాలోను అర్జెంటీనాలోను కాచుకొన్నవారికి నీడ దొరకలేదు. జూలై 17న అర్జెంటీనాలోని పటగోనియాలో రెండు డజన్ల దూరదర్శినులను వరుసగా నిలిపిరి. స్థానికులు వీధి దీపములను ఆర్పి, రహదారిని రెండు గంటలు మూసి, ఈదురుగాలికి లారీలను అడ్డు నిలిపిరి. అయిదు దూరదర్శినులకు నీడ చిక్కినది. మాయమైన కాలము ఒక సెకనైనను నిండలేదు! ఆ జ్యాలను కూర్చగా రెండు ముద్దలు అతుకుకొన్నట్టి రూపము సూచితమైనది. 2019 జనవరి 1న నౌక తీసిన చిత్రములలో సుమారు 36 కి.మీ. పొడవున ఆ జంట రూపమే కనిపించినది.

మరుగుపడు తీరునుండియు విషయము గ్రహింపవచ్చును. చంద్రునికి చెప్పదగిన వాతావరణము లేనందున అతని వెనుక నక్షత్రము దీపము ఊదినట్లు తటాలున ఆరును. 1988 జూన్ 9న ప్లూటో వెనుక నక్షత్రము మెల్లమెల్లగా క్షీణించినది. అక్కడ పలుచని వాతావరణము కలదని దానివలన స్థిరపడినది.

చంద్రుని విషయమున ఈ పరిశీలనను మన విద్యార్థులును చేయవచ్చును. శుక్లపక్షమున చంద్రుని చీకటి అంచు నక్షత్రమును సమీపించునప్పుడు చిన్న దూరదర్శినియు, సరిచేసిన గడియారమును చాలును. నక్షత్రము ఆరిన సెకనును, నిలుచున్న చోటును నోటుపుస్తకములో వ్రాసికొనవలెను.