చైన్ మిషన్: బిగించే ముందు చూడాల్సినవి

ప్రశ్న: వరి కోతకు పాత రబ్బరు చైన్ హార్వెస్టర్ కొన్నాం. బురద మడిలో ఒకవైపు చైన్ మాటిమాటికీ జారిపోతోంది. బాగా బిగిస్తే సరిపోతుందా?
– ఒక రైతు, కుసుమంచి

జవాబు: అప్పుడే బిగించకండి. స్ప్రాకెట్ పళ్లు అరిగినా, గడ్డి చుట్టుకున్నా చైన్ జారుతుంది. ఒకవైపే జారుతోందంటే నా అనుమానం కింది రోలర్ల మీద. గట్టి నేల మీద బండిని జాకీతో లేపి, దిమ్మెలు పెట్టి, ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకున్నాకే ఒక్కో రోలర్ తిప్పి చూడండి. ఊగినా, గరగరలాడినా, సీలు దగ్గర ఆయిల్ చెమ్మ కనిపించినా మార్చాల్సిందే. ఆ తర్వాతే బిగింపు. రోలర్‌కూ చైన్‌కూ మధ్య ఎంత సందు ఉండాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. మేస్త్రీ కంటి అంచనా కన్నా దాన్నే నమ్మండి. అతిగా బిగిస్తే బేరింగులు, చైన్ లోపలి ఉక్కు తీగలు తొందరగా పోతాయి.

రేగడి మట్టి ఆరితే రాయే. కోత ముగిసిన సాయంత్రమే కడిగేయండి.

కెనడాలో బొంబార్డియర్ అనే ఆయన 1937లో పేటెంట్ పొందిన మంచు బండి చైన్‌దీ ఇదే సూత్రం: బరువును పరచడం. కాకపోతే దానికి కింద మెత్తటి మంచు, మనకు తారు రోడ్డు. అందుకే ఊరు మారేటప్పుడు బండిని లారీ ఎక్కించండి. ఉన్నచోటే గిర్రున తిప్పకండి, గట్టును ఏటవాలుగా కాకుండా ఎదురుగా దాటండి.

కోతలయ్యాక నీడలో, చెక్కల మీద నిలపండి. రబ్బరుకు డీజిల్ అంటనివ్వకండి. లోపల మిగిలిన గింజలన్నీ దులిపేయండి, లేకపోతే ఎలుకలు చేరి వైరింగ్ కొరికేస్తాయి.