విప్పి బాగుచేసుకునే ల్యాప్‌టాప్ కొనాలా, వద్దా?

ఫ్రేమ్‌వర్క్ ల్యాప్‌టాప్ మీద మనసుంది, కొనే ధైర్యమే చాలడం లేదంటూ చాలా ఉత్తరాలు వచ్చాయి. ఈ వారం శీర్షిక మొత్తం వాటికే. ఆ పేరు వినని వారి కోసం నాలుగు ముక్కలు చెబుతాను. వీఆర్ హెడ్‌సెట్లు చేసే ఆక్యులస్ కంపెనీ తొలి బృందంలో పనిచేసిన నీరవ్ పటేల్ శాన్‌ఫ్రాన్సిస్కోలో పెట్టిన సంస్థ ఇది. 2021 వేసవిలో తొలి ల్యాప్‌టాప్ అమ్మకానికి వచ్చింది. ర్యామ్, బ్యాటరీ, స్క్రీన్, కీబోర్డు, చివరికి మదర్‌బోర్డు కూడా కొన్నవాళ్లే విప్పి మార్చుకోవచ్చు. పక్కనుండే యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ పోర్టులు కూడా చిన్న కార్డుల్లా ఊడి వస్తాయి. విడిభాగాలను కంపెనీయే నేరుగా అమ్ముతుంది.

ప్రశ్న: నమస్తే సార్. నేను టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటాను. టెస్టింగ్‌లో ఉద్యోగం. ఫ్రేమ్‌వర్క్ 13ని కార్ట్‌లో పెట్టి నెల దాటింది. అదే డబ్బుకి మ్యాక్‌బుక్ ఎయిర్ వస్తుంది కదా అని ఫ్రెండ్స్ అంటున్నారు. బాగుచేసుకోవచ్చన్న ఒక్క కారణానికి ఇంత పెట్టాలా?

జవాబు: కొన్న రోజు లెక్క ప్రకారం మీ ఫ్రెండ్స్ చెప్పిందే నిజం. 2025లో రైజెన్ ఏఐ 300 ప్రాసెసర్‌తో వచ్చిన ఫ్రేమ్‌వర్క్ 13లో, మనమే బిగించుకునే రకం ధర 899 డాలర్ల దగ్గర మొదలైంది. ఆ ధరలో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, విండోస్ ఏవీ రావు. చార్జర్ కూడా విడిగా కొనుక్కోవాల్సిందే. అవన్నీ కలిపితే బిల్లు వెయ్యి దాటుతుంది. అదే ఏడాది మార్చిలో ఆపిల్ 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజితో ఎం4 మ్యాక్‌బుక్ ఎయిర్‌ను 999 డాలర్లకి తెచ్చింది. పైగా దానికి ఫ్యాన్ చప్పుడు లేదు, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది.

ధరలో ఈ తేడాకి కారణం ఉంది. పెద్ద కంపెనీలు ఒక్కో మోడల్‌ను లక్షల్లో తయారు చేయిస్తాయి కాబట్టి వాటికి ప్రతి భాగమూ చవగ్గా పడుతుంది. ర్యామ్‌ను బోర్డుకే అతికించి, బ్యాటరీని జిగురుతో అంటిస్తే తయారీ ఖర్చు ఇంకా తగ్గుతుంది. స్లాట్ పెట్టాలన్నా, స్క్రూతో బిగించాలన్నా, ప్రతి భాగాన్నీ ఏళ్ల తరబడి గోడౌన్‌లో నిల్వ ఉంచాలన్నా డబ్బు కావాలి. ఆ డబ్బు కొనేవాళ్ల దగ్గరే వసూలవుతుంది.

లెక్క తిరగబడేది నాలుగో ఏటో అయిదో ఏటో. ఎయిర్‌లో ర్యామ్ పెంచుకునే వీలు లేదు. 256 జీబీ నిండాక బయట ఒక డ్రైవ్ తగిలించుకుని తిరగాలి. బోర్డు పోతే చాలా సందర్భాల్లో కొత్త మెషీన్ కొనడమే నయమనిపిస్తుంది. ఫ్రేమ్‌వర్క్ 13 విషయంలో, 2021లో కొన్నవాళ్లు 2025 బోర్డును అదే పెట్టెలో బిగించుకోగలిగారు. ఇది ప్రకటనల్లో ఇచ్చిన మాట కాదు, అయిదు తరాల బోర్డులతో జరిగి చూపించిన పని. ఆ 2025 బోర్డు విడిగా 449 డాలర్ల నుంచి మొదలైంది. పాత బోర్డు కూడా వృథా పోదు, కూలర్ మాస్టర్ తయారు చేసిన చిన్న పెట్టెలో పెడితే ఇంట్లో బుల్లి డెస్క్‌టాప్‌గా పనికొస్తుంది.

అయితే 449తోనే పని అయిపోతుందనుకోవద్దు. పాత ఇంటెల్ బోర్డులు డీడీఆర్4 ర్యామ్‌తో నడిచేవి. కొత్త వాటికి డీడీఆర్5 కావాలి, పాత ర్యామ్ అందులో దూరదు. 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి ఈ ఖర్చును తేలిగ్గా తీసుకోకండి.

నా సలహా ఇదీ. రెండు మూడేళ్లకోసారి ల్యాప్‌టాప్ మార్చే అలవాటుంటే ఎయిర్ తీసుకోండి, ఫ్రేమ్‌వర్క్‌కి పెట్టే అదనపు డబ్బు మీకు తిరిగి రాదు. కనీసం ఆరేళ్లు వాడతానని గట్టిగా అనుకుంటే ఫ్రేమ్‌వర్క్ తీసుకోండి. మీరున్న చోటికి విడిభాగం పోస్టులో వస్తుంది కాబట్టి ఆ మాట ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.

ప్రశ్న: మేడం/సార్, మా అమ్మాయి జర్మనీ నుంచి ఈ ల్యాప్‌టాప్ తెచ్చుకుంది. సెలవులకి వచ్చినప్పుడు టేబుల్ మీద పెట్టి విప్పుతుంటే నాకు గుండె దడ వచ్చింది. మా ఇంట్లో ఎవరం ఫ్యాన్ రెగ్యులేటర్ కూడా విప్పం. విప్పితే వారంటీ పోదా? మామూలు మనుషులకి అయ్యే పనేనా? – ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: వారంటీ పోదండీ. విప్పడానికే చేసిన వస్తువు అది. స్క్రూడ్రైవర్ కూడా పెట్టెలోనే వస్తుంది. వేరే ల్యాప్‌టాప్‌ల మీద "సీల్ తీస్తే వారంటీ చెల్లదు" అనే స్టిక్కర్లు చూసీ చూసీ మనకు ఆ భయం పట్టుకుంది.

మీ అమ్మాయి చేసిన పని ఏమిటో చెబుతాను. ఫ్రేమ్‌వర్క్ 13 అడుగున అయిదు స్క్రూలుంటాయి. అవి వదులవుతాయే గానీ ఊడి కింద పడవు, కాబట్టి మంచం కింద వెతుక్కునే బాధ లేదు. అవి వదులు చేసి, ల్యాప్‌టాప్ తిప్పి మూత తెరిచి, కీబోర్డు ఉన్న పై పలకను మూల దగ్గర పట్టుకుని లేపితే అయస్కాంతాల పట్టు వదిలి పైకి వస్తుంది. దాన్ని ఒక్కసారిగా లాగకూడదు, కింద బోర్డుకు ఒక కేబుల్ తగిలించి ఉంటుంది. ఆ కేబుల్ తీశాక అరచెయ్యి ఆనే చోట కింద బ్యాటరీ కనిపిస్తుంది. మిగతా దేన్నైనా ముట్టుకునే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. ఇది తప్పనిసరి. ప్రతి భాగం మీదా దాని పేరు, పక్కన క్యూఆర్ కోడ్ అచ్చు వేసి ఉంటాయి. ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ భాగం వివరాలు, మార్చే పద్ధతి వస్తాయి.

మామూలు పల్చటి ల్యాప్‌టాప్‌లో కీబోర్డును పై కవరుకే ప్లాస్టిక్ రివెట్లతో నొక్కేస్తారు. ఒక్క మీట పోయినా కవరు మొత్తం మార్చమంటారు. ఫ్రేమ్‌వర్క్‌లోనూ అన్నీ తేలిక కాదు. కీబోర్డు ఒక్కటే విడిగా మార్చాలంటే డజన్ల కొద్దీ సన్నటి స్క్రూలు తీయాలి. కీబోర్డు బిగించి ఉన్న పై పలక మొత్తం కొనుక్కుంటే ఆ శ్రమ తప్పుతుంది. బ్యాటరీ, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మాత్రం కుట్టుమిషన్‌లో బాబిన్ మార్చుకోగలిగిన ఎవరికైనా వచ్చే పనే. ఈసారి అమ్మాయి వచ్చినప్పుడు పక్కన కూర్చుని స్క్రూడ్రైవర్ మీరే పట్టుకోండి.

ప్రశ్న: ఎంత బాగున్నా చిన్న కంపెనీ. నాలుగేళ్లకు మూతపడితే ఆ విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి? గూగుల్ అంతటిదే మాడ్యులర్ ఫోన్ అని చెప్పి మధ్యలో వదిలేసింది. – బ్యాంకు విశ్రాంత ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: సరైన సందేహం. మీరన్న ఆ మాడ్యులర్ ఫోన్ ప్రాజెక్ట్ ఆరాను గూగుల్ 2016లో ఆపేసింది, అది జనానికి చేరనే లేదు. ఫ్రేమ్‌వర్క్ అంతకన్నా ముందుకు వెళ్లింది. నాలుగేళ్ల పాటు పాత పెట్టెకు సరిపోయే కొత్త బోర్డులు వరసగా ఇచ్చింది. అంతమాత్రాన రేపటికి హామీ ఇవ్వలేం.

మూతపడితే ఏమవుతుందో భాగాల వారీగా చూద్దాం. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, వైఫై కార్డు ఏ కంప్యూటర్ షాపులోనైనా దొరికే మామూలు రకాలే, వాటికి ఢోకా లేదు. బ్యాటరీ, కీబోర్డు పలక, మదర్‌బోర్డు మాత్రం ఆ కంపెనీవే. బోర్డు కొలతలు, కనెక్టర్ల వివరాలు, పోర్టు కార్డుల డిజైన్లు కంపెనీ అందరికీ విడుదల చేసింది కాబట్టి వేరేవాళ్లు తయారు చేసే వీలుంది. తయారు చేసి తీరతారని నేను చెప్పను. అన్నిటికన్నా చెడ్డ పరిస్థితి వస్తే మీ చేతిలో మిగిలేది ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మార్చుకోగల ఒక సాధారణ ల్యాప్‌టాప్. ఈ రోజు షాపులో అమ్మే చాలా పల్చటి ల్యాప్‌టాప్‌లకు మొదటి రోజు నుంచే ఆ పాటి వెసులుబాటు లేదు.

నన్ను ఇంతకన్నా ఆలోచింపజేసేది సాఫ్ట్‌వేర్. తొలి ఏళ్లలో పాత మోడళ్లకి బయోస్ (మెషీన్‌ను మొదలుపెట్టే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌లు చాలా ఆలస్యంగా వచ్చాయని కొన్నవాళ్లే గట్టిగా అడిగారు. భాగాలు పదేళ్లు వచ్చినా, భద్రతా లోపాలను సరిచేసే అప్‌డేట్ రాకపోతే ఆ మన్నిక సగమే. చిన్న కంపెనీ దగ్గర కొనేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది.

ప్రశ్న: బ్యాటరీ తొందరగా దిగిపోతుందని, స్క్రీన్ ఊగుతుందని విన్నాను. నిజమేనా? – బెంగళూరు

జవాబు: తొలి మోడళ్లలో రెండూ నిజమే. ఆ తర్వాత గట్టి హింజ్‌లు, 55కి బదులు 61 వాట్-అవర్‌ల బ్యాటరీ తెచ్చారు. పాత మెషీన్ ఉన్నవాళ్లూ అవి కొని బిగించుకోవచ్చు. మూత వేసి పెట్టినప్పుడు చార్జి తగ్గడం మాత్రం స్లాట్‌లో పెట్టే ర్యామ్‌తో కొంత తప్పదు, బోర్డుకు అతికించే రకం తక్కువ కరెంటు తాగుతుంది. 2021 నాటి 11వ తరం ఇంటెల్ బోర్డుతో సెకండ్‌హ్యాండ్ వస్తే ఇంకో జాగ్రత్త. చాలాకాలం చార్జి చేయకుండా వదిలేస్తే లోపలి గడియారపు చిన్న బ్యాటరీ పూర్తిగా దిగి మెషీన్ ఆన్ కాని లోపం అందులో ఉంది. కంపెనీ ఇచ్చిన పరిష్కారానికి సోల్డరింగ్ కావాలి. ఆ పని జరిగిందో లేదో అడిగి కొనండి.

ప్రశ్న: అయ్యా, మా బాబు ఆగస్టులో ఎంఎస్‌కి అమెరికా వెళ్తున్నాడు. ఫ్రేమ్‌వర్కే కావాలంటున్నాడు. ఇక్కడే ఏదో ఒకటి కొనిచ్చి పంపనా, అక్కడ కొనుక్కోమననా? లోను డబ్బుతో వెళ్తున్నాడు. – గుంటూరు

జవాబు: ఇప్పుడు వాడుతున్న ల్యాప్‌టాప్ పనిచేస్తుంటే దానితోనే పంపండి. మొదటి సెమిస్టరులో కోర్సుకి ఏం కావాలో తెలుస్తుంది. మెషీన్ లెర్నింగ్ లాంటి బరువైన పనులు చాలావరకు యూనివర్సిటీ సర్వర్ల మీదే చేయిస్తారు. అక్కడ విద్యార్థులకి ఇచ్చే తగ్గింపులు చూసుకుని తర్వాత కొనుక్కోవచ్చు. లోను మీద వడ్డీ మొదటి రోజు నుంచే నడుస్తుంది, అవసరం లేని ల్యాప్‌టాప్‌కి ఆ వడ్డీ కట్టొద్దు.

చదువయ్యాక అక్కడే ఉద్యోగం అనుకుంటే ఫ్రేమ్‌వర్క్ మంచిదే. తిరిగి వచ్చేసే ఆలోచన ఉంటే వద్దనే చెబుతాను. తెచ్చుకోవడంలో ఇబ్బంది లేదు, 18 ఏళ్లు నిండిన ప్రయాణికులు ఒక ల్యాప్‌టాప్ కస్టమ్స్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. కష్టమంతా ఆ తర్వాతే. ఆ కంపెనీ మన దేశంలో అమ్మడం లేదు. ఇక్కడ బోర్డు పోతే పంపించమని అడగడానికి దిక్కు లేదు. విడి బ్యాటరీ కావాలంటే వచ్చేవాళ్లెవరినైనా బతిమాలుకోవాలి. వాళ్లు కూడా దాన్ని చెకిన్ సూట్‌కేసులో పెట్టకూడదు, చేతి సంచిలోనే తేవాలి.

ప్రశ్న: అన్నా, నేను వరంగల్‌లో బీటెక్ సెకండియర్. మన దగ్గర అమ్మనప్పుడు ఈ రిపేరబుల్ ముచ్చట మాకెందుకు? మా బడ్జెట్‌ల ఏం కొనాలో చెప్పు.

జవాబు: ఎందుకంటే తమ్ముడూ, ఆ ల్యాప్‌టాప్ మనకు రాకపోయినా దాన్ని చూసి అడగాల్సిన ప్రశ్నలు నేర్చుకోవచ్చు. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్ ధర పక్కనే అది ఎంత తేలిగ్గా బాగవుతుందో పదికి మార్కులు వేసి చూపించాలి. మన దగ్గర కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (బాగుచేసుకునే హక్కు) పోర్టల్ తెరిచింది. షాపులో మాత్రం ఇప్పటికీ ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు గురించే చెబుతారు. బ్యాటరీ ఎట్లా మారుస్తారని అడిగేవాళ్లు తక్కువ కాబట్టి చెప్పేవాళ్లూ తక్కువ.

కొత్తది కొనేటట్టయితే మోడల్ పూర్తి పేరు రాసుకుని ఇంటికి రా. డెల్, హెచ్‌పీ, లెనోవో చాలా మోడళ్లకి సర్వీస్ మాన్యువల్ ఉచితంగా పెడతాయి. అది దించుకుని రెండు పేజీలు చూడు. ర్యామ్ పేజీలో స్లాట్ బొమ్మ ఉందా? బ్యాటరీ స్క్రూలతో ఉందా, జిగురుతోనా? కొన్నిట్లో ఎనిమిది జీబీ బోర్డుకి అతికి ఉండి పక్కన ఒక స్లాట్ ఉంటుంది, అదీ పర్వాలేదు. మొత్తం అతికి ఉంటే మాత్రం నాలుగేళ్లకి సరిపడా ర్యామ్ ఇప్పుడే కొనాలి, లేకుంటే ఆ మోడల్ వదిలెయ్యాలి. పెద్ద కంపెనీలకూ ఈ పని చేతనవును. 2024లో వచ్చిన లెనోవో థింక్‌ప్యాడ్ టీ14 జెన్ 5కి వస్తువులు విప్పి చూసి మార్కులు వేసే ఐఫిక్సిట్ సంస్థ, ఎంత తేలిగ్గా బాగవుతుందన్న లెక్కలో పదికి తొమ్మిది ఇచ్చింది. ఫ్రేమ్‌వర్క్‌కి వచ్చినవి పది. అయితే ఆ థింక్‌ప్యాడ్ కొత్తది నీ బడ్జెట్‌కి అందదు.

నీ బడ్జెట్‌లో రీఫర్బిష్‌డ్ ఆఫీసు ల్యాప్‌టాప్‌లు చూడు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి ఒక పూట పోయి వస్తే ధరలు తెలుస్తాయి. ఇంటెల్ ఎనిమిదో తరం కన్నా పాతది తీసుకోకు. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరుతో ముగిసింది, ఎనిమిదికి ముందు తరాలకు విండోస్ 11 అధికారికంగా రాదు. థింక్‌ప్యాడ్ టీ480లో ర్యామ్‌కి రెండు స్లాట్లు, బయట నుంచే ఊడే బ్యాటరీ ఉంటాయి. పేరు చివర ఎస్ ఉంటే అది వేరే మోడల్, అందులో ర్యామ్ కొంత బోర్డుకే అతికి ఉంటుంది. రెండూ పక్కపక్కనే పెట్టి అమ్ముతారు, చూసి తీసుకో. డబ్బు ఇచ్చే ముందు షాపతన్ని కింద కవర్ విప్పి చూపించమను. విప్పి చూపించని షాపులో కొనొద్దు.