అమ్మడికి, వాచీ గురించి

ఫిల్మ్‌నగర్,
ఆదివారం పొద్దున

అమ్మడూ,

నీ వాచీ చెల్లికి ఇచ్చేశావని అక్క చెప్పి మురిసిపోయింది. నాకు మాత్రం రాత్రి కన్ను మూతపడలేదు. నాన్న కొనిచ్చిన ఆ వాచీని స్నానానికి తప్ప తీసేదానివి కాదు. దసరాకి వచ్చినప్పుడేమో, "నా చదువు వల్లే మీరంతా అప్పులపాలయ్యారు మామయ్యా" అన్నావు. రెండూ కలిపి చూసుకున్నాక సూటిగా అడుగుతున్నాను. చచ్చిపోవాలనిపిస్తోందా? ఇలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయం. పుట్టదు తల్లీ. లోపల ఉంటే చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది.

కృష్ణానగర్‌లో నా గదిలో ఒక స్నేహితుడు ఉండేవాడు. డైరెక్టర్ అవుదామని వచ్చి, రెండేళ్లు తిరిగి, ఇంటికి ఉత్తరాలు మానేశాడు. "నేను లేకపోతేనే మావాళ్లకి హాయి" అన్నాడొక రాత్రి. "ధైర్యంగా ఉండరా" అనేసి నేను నైట్ షిఫ్ట్‌కి వెళ్లిపోయాను. కింద టీకొట్టు పెద్దాయన వాణ్ణి పొయ్యి పక్కన కూర్చోబెట్టుకుని, తెల్లారేదాకా గ్లాసులు కడిగించాడట. వాడిప్పుడు రాజమండ్రిలో బట్టలు కుడుతున్నాడు. "నువ్వు వెనక్కి వస్తావేమోనని తలుపు వైపే చూశాన్రా" అని ఏళ్ల తర్వాత చెప్పాడు.

థామస్ జాయినర్ అనే అమెరికా మనస్తత్వవేత్త 2005లో ఒక పుస్తకం రాశాడు. 'నేను అందరికీ భారం', 'నాకంటూ ఎవరూ లేరు' అనే రెండు నమ్మకాలు ఒకచోట చేరినప్పుడు చావాలనే కోరిక పుడుతుందంటాడు. అవి నమ్మకాలే, నిజాలు కావు. జ్వరంలో నోరు చేదైతే అన్నం పాడైందనుకుంటామా? ఒక సబ్జెక్టు పోతే 'నేనే పనికిరాను' అనిపించడం, ఇక ఎప్పటికీ ఇంతే అనుకోవడం, నిద్ర పట్టకపోవడం, ఇవన్నీ ఆ చేదే. దీనికి వైద్యం ఉంది. నాన్న అప్పు సంగతి నాన్నా నేనూ చూసుకుంటాం. ఆయన లెక్కలో నువ్వు బాకీవి కావు.

నీ ఒక్కదానికే ఇలా ఉందనుకోకు. 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణం తీసుకున్నారని నేర రికార్డుల బ్యూరో లెక్క. విశాఖలో నీట్‌కి చదువుతూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులోనే, 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కౌన్సెలర్ ఉండాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ అమ్మాయి తండ్రి కోర్టు మెట్లెక్కితే వచ్చిన తలుపు అది. తట్టడానికి మొహమాటపడకు. నేనూ నీతో లోపలికి వస్తాను.

నేను నీ దగ్గరికి వచ్చేలోగా మనసు ఆగకపోతే 14416కి ఫోన్ చెయ్యి. టెలిమానస్ హెల్ప్‌లైన్ వాళ్లు తెలుగులోనే, ఏ వేళైనా మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. అప్పటిదాకా గదిలో ఒంటరిగా ఉండకు, పక్కగది పిల్లని పిలుచుకో.

ఇది నీకు వాట్సాప్‌లో పెట్టి బండి తీస్తున్నాను. గచ్చిబౌలి అరగంట. నీ హాస్టల్ గేటు దగ్గర ఉంటాను, చెప్పులేసుకుని రా. మాట్లాడకపోయినా ఫర్వాలేదు, పెసరట్టు తిందాం. వాచీ చెల్లి దగ్గర్నుంచి తెస్తున్నాను.

మామయ్య