గుండెను తాకే సార్కాయిడోసిస్: గుర్తించడం ఎలా?



సార్కాయిడోసిస్ అంటువ్యాధి కాదు. మన రక్షణ కణాలే గుంపుగా చేరి, ఎక్కువగా ఊపిరితిత్తుల్లో, గ్రంథుల్లో సన్నని గడ్డలు కడతాయి. అవి గుండె కండరంలో చేరితే విద్యుత్ సంకేతాల దారికి అడ్డుపడతాయి. నాడి మరీ నెమ్మదిస్తుంది, లేదా ప్రమాదకరంగా పరుగెడుతుంది. అందుకే వయసులో ఉన్నవారు కళ్లు తిరిగి పడిపోతే నీరసమని వదిలేయరాదు.

ముందు ఈసీజీ, ఎకో తీస్తారు. అవి బాగున్నంత మాత్రాన వ్యాధి లేదనుకోలేం. గుండె ఎంఆర్ఐ మచ్చలను, పెట్ స్కాన్ లోపలి వాపును చూపుతాయి. పెట్ స్కాన్‌కు ముందు డాక్టరు చెప్పినట్లు అన్నం, రొట్టె, చక్కెర మాని, ఆపై పస్తుండాలి. లేకుంటే మంచి కండరం కూడా చక్కెరను పీల్చుకుని ఫలితం తికమకవుతుంది.

గట్టిగా తేల్చేది ముక్క పరీక్ష, అంటే బయాప్సీ. గుండె లయ తప్పి, ఛాతీ గ్రంథులు వాచిన రోగులపై హైదరాబాద్ కేర్ ఆసుపత్రి వైద్యులు 2011లో అధ్యయనం ప్రచురించారు. వారిలో కొందరికి సార్కాయిడోసిస్, కొందరికి క్షయ అని తేలింది. గడ్డలు ఒకేలా ఉన్నా మందులు వేరు. క్షయను గుర్తించక స్టెరాయిడ్లు మాత్రమే ఇస్తే అది ముదురుతుంది.

కాబట్టి మందులతో పాటు పరీక్షలకు కూడా మీ జకాత్, సదఖాల నుంచి చేయూతనివ్వాలని మేము కోరుతున్నాము. తిరుమలగిరిలో ఏ పేద రోగీ స్కాన్ ఖర్చుకు వెరచి వెనుదిరగకూడదు. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక, ఆమీన్.