ప్రశ్నలు - జవాబులు: రెండు భాషల పరిచయం

ప్రశ్న: మాది న్యూజెర్సీ. మా ఊరి లైబ్రరీలో నెలకోసారి పదిమంది ఆడవాళ్లం కూర్చుని ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. పోయిన నెల కొత్తగా ఒకావిడ చేరారు. పరిచయం చేసుకుంటూ స్పానిష్‌లో మొదలుపెట్టి, ఇంగ్లిష్‌లోకి వచ్చి, మళ్లీ స్పానిష్‌లోకి వెళ్లారు. తాను డొమినికన్‌నని చెప్పారు. నేను చనువుగా "డొమినికా చాలా అందమైన దీవి అంటారు" అన్నాను. "అది వేరే దేశమండీ" అని నవ్వారు. నేను అక్కడితో ఊరుకోలేదు. మనిషి నల్లగా ఉన్నారు కదా అని "మీకు స్పానిష్ ఎలా వచ్చింది?" అని అడిగేశాను. ఆ తర్వాత ఆవిడ పెదవి విప్పలేదు. వచ్చే నెల ఆవిడకి మొహం ఎలా చూపించను?
- ఒక పాఠకురాలు

జవాబు: మొదటి మాటకి ఆవిడ నవ్వారు. రెండోదానికి మౌనం వహించారు. నొప్పి ఎక్కడుందో ఆ తేడాలోనే తెలుస్తోందమ్మా.

మొదటిది చాలామంది పడే పొరపాటే. డొమినికా చిన్న దీవి, ఇంగ్లిష్ మాట్లాడే దేశం, 1978లో బ్రిటన్ నుంచి స్వతంత్రమైంది. ఆవిడది డొమినికన్ రిపబ్లిక్. హిస్పానియోలా దీవిలో పడమటి భాగం హైతీది, తూర్పు భాగం వీళ్లది. రాజధాని శాంటో డొమింగో. రెండు దేశాలవాళ్లనీ ఇంగ్లిష్‌లో ఒకే మాటతో రాస్తారు కాబట్టి ఆవిడ ఈ దిద్దుబాటు ఎన్నోసార్లు చేసే ఉంటారు. ఢిల్లీలో మనల్ని మద్రాసీలంటే ఓపిగ్గా "కాదండీ, తెలుగువాళ్లం" అని చెప్పుకున్నాం, అలాంటిదే.

రెండోది వేరు. స్పానిష్ ఆవిడ నేర్చుకున్న భాష కాదు, పుట్టుకతో వచ్చిన భాష. స్పెయిన్‌వాళ్లు ఆ దీవికి ఆఫ్రికా మనుషుల్ని బానిసలుగా తేవడం 1500ల మొదటి ఏళ్లలోనే మొదలైంది. అయిదు వందల ఏళ్లుగా అక్కడ నల్లటివాళ్లూ, చామనఛాయవాళ్లూ, తెల్లటివాళ్లూ స్పానిష్‌లోనే జోల పాడుతున్నారు, పోట్లాడుకుంటున్నారు, ప్రార్థిస్తున్నారు. ఒంటి రంగు చూసి "ఈ భాష నీదెలా అయింది" అని అడిగితే, ఆవిడ సొంతింటి గడపలోనే ఆవిడని నిలబెట్టి ఎవరు నువ్వు అన్నట్టవుతుంది. మీకు ఆ ఉద్దేశం లేదని నాకు తెలుసు. తగిలింది మాత్రం అలాగే.

కాబట్టి వచ్చే నెల పది నిమిషాలు ముందే వెళ్లండి. నలుగురూ చేరకముందే "పోయినసారి నేనడిగింది సరైన ప్రశ్న కాదు, క్షమించండి" అనండి. అంతే. నేనలా ఎందుకన్నానంటే అని మొదలుపెట్టకండి. మొదలుపెడితే మిమ్మల్ని ఓదార్చే పని ఆవిడ మీద పడుతుంది.

ఇక రెండు భాషలు కలిపి మాట్లాడటం. మీ ఉత్తరం చూస్తే, ఆవిడకి ఇంగ్లిష్ సరిగ్గా రాక అలా చేశారేమో అని మీకు అనుమానం ఉన్నట్టుంది. రెండూ బాగా వచ్చినవాళ్లే అంత సులువుగా అటూ ఇటూ దాటగలరు. "ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను, డిన్నర్ మీరు కానిచ్చేయండి" అన్న రోజున మీకు తెలుగు రాకనా? ఆవిడ దేశంవాళ్లు ఈ రెండు భాషల మధ్యకి ఎలా వచ్చారో కూడా చెబుతాను. మూడు దశాబ్దాలు ఆ దేశాన్ని పిడికిట్లో పెట్టుకున్న నియంత ట్రుహీయో 1961లో హతుడయ్యాడు. దేశం దాటనివ్వని కట్టడి సడలింది. 1965లో అంతర్యుద్ధం వచ్చింది, అమెరికా సైన్యం దిగింది. అప్పటినుంచి న్యూయార్క్‌కి వలస పెరిగి, మన్‌హాటన్ పైకొసన ఉన్న వాషింగ్టన్ హైట్స్ వాళ్ల పేటగా మారింది. మనవాళ్లకి అమెరికా తలుపులు తెరిచిన చట్టం కూడా ఆ 1965దే. అలాంటి పేటల్లో అమ్మతో ఒక భాష, బడిలో ఇంకొకటి, అక్కచెల్లెళ్ల మధ్య రెండూ. ఆవిడ ఆ గదిలో అలా మాట్లాడారంటే మిమ్మల్ని అక్కచెల్లెళ్ల వరసలో చేర్చుకున్నారనే నాకు అనిపిస్తోంది. అందుకే ఆ మౌనం నన్నూ బాధపెట్టింది.

మీది పుస్తకాల గుంపు కాబట్టి ఒక మాట. డొమినికన్ మూలాలున్న హూలియా అల్వారెజ్ 1994లో రాసిన నవల ఒకటుంది, 'ఇన్ ద టైమ్ ఆఫ్ ద బటర్‌ఫ్లైస్'. ట్రుహీయోని ఎదిరించి 1960 నవంబరు 25న హత్యకి గురైన ముగ్గురు మీరబాల్ అక్కచెల్లెళ్ల కథ. స్త్రీలపై హింసకి వ్యతిరేకంగా ప్రపంచమంతా పాటించే రోజు వాళ్లు పోయిన ఆ రోజే. తప్పక చదవండి. కానీ ఆవిడ వచ్చారు కదా అని వెంటనే అందరిచేతా అదే చదివించి, దేశం గురించి చెప్పమని ఆవిడని నిలబెట్టకండి. ముందు ఆవిడకి ఏం ఇష్టమో అడగండి. అది డిటెక్టివ్ నవలైతే అదే చదవండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం నాది. మా టీమ్‌లో శాంటో డొమింగో నుంచి ఒకమ్మాయి చేరింది. పేరు వెనక రెండు ఇంటిపేర్లు ఉన్నాయి, ఏది రాయాలి? ఏ పని అడిగినా "అవొరీతా" అంటుంది, అంటే ఇప్పుడే అని నెట్‌లో చూశాను, గంటలైనా రాదు.

జవాబు: మొదటిది తండ్రి వైపు ఇంటిపేరు, రెండోది తల్లి వైపుది. ఒక్కటే రాయాల్సి వస్తే మొదటిది రాయండి. వీలుంటే రెండూ ఉంచండి, అమ్మ పేరు కొట్టేయడమెందుకు? ఇక ఆ మాట. కొన్ని స్పానిష్ దేశాల్లో దానికి ఇప్పుడే అనే అర్థం ఉన్నా, ఆ అమ్మాయి ఊళ్లో మాత్రం తర్వాత అని. ఆమె నిజమే చెబుతోంది, మీరు వేరేగా విన్నారు. ఎన్ని గంటలకి, ఏ ఊరి గడియారం ప్రకారం అని అడగండి. మనకి సాయంత్రం ఆరున్నర అయితే అక్కడ పొద్దున తొమ్మిది.