వాయుమండలము – దాని కూర్పును, పొరలును

మన పెద్దలు వాయువును పంచభూతములలో నొకటిగా నెన్నిరి. గ్రీకుదేశపు పండితులును అట్లే తలచిరి. గాలి యొక్కటియే పదార్థమనియు, దానిని మఱి విభజింప శక్యము గాదనియు చిరకాలము లోకము నమ్మియుండెను. చూచినంతమాత్రమున నా తలంపు సహజముగనే తోచును. కాని తోచినదెల్ల సత్యము గాదని చదువరు లెఱుంగుదురు. గాలిని తూచియు, వేడిచేసియు, చల్లార్చియు పరీక్షించినవారు అది పెక్కు వాయువుల మిశ్రమమని కనుగొనిరి. ఆ పరీక్షలవలన మఱియొక సంగతియు తేటపడినది. పరిమాణమున స్వల్పమైన వస్తువు ప్రభావమునను స్వల్పమే యని యెంచరాదు. దీనినే యీ వ్యాసమున మేము వివరింపగోరుచున్నాము.

తేమలేని గాలిని ఘనపరిమాణమును బట్టి నూఱుపాళ్లుగా భాగించినయెడల, అందు 78 పాళ్లు నత్రజనియు, ఇంచుమించు 21 పాళ్లు ప్రాణవాయువగు ఆమ్లజనియు నుండును. మిగిలిన యొక్క పాలులో హెచ్చుభాగము ఆర్గాను. బొగ్గుపులుసు వాయువు నూటికి 0.04 పాలునకు కొంచెము మించియున్నది. నియాను, హీలియము మున్నగునవి యంతకంటెను స్వల్పములు. నీటియావిరి మాత్రము స్థలకాలములను బట్టి మాఱుచుండును. ఎడారియందది మిక్కిలి తక్కువ. ఉష్ణదేశపు సముద్రతీరమున నూటికి మూడు నాలుగు పాళ్లవఱకు నుండుటయు కలదు.

ఆమ్లజని పాలును ఇంటనే పరీక్షింపవచ్చును. నీటిపళ్లెములో వెలుగుచున్న క్రొవ్వొత్తిపై గాజుపాత్రను బోర్లించి, నీరు పైకెక్కుటను చూపి, ఆమ్లజని యంతయు కాలిపోయినదని బాలురకు చెప్పుట వాడుక. ఇది సరికాదు. ఆమ్లజని చాల మిగిలియుండగనే దీప మాఱిపోవును. వేడిచే వ్యాపించిన గాలి చల్లారి కుదించుకొనుటయే నీరెక్కుటకు ముఖ్యకారణము. అంతకంటె, తడిపిన యినుపపీచును గాజుగొట్టముయొక్క అడుగున నిఱికించి, ఆ గొట్టమును నీటిలో తలక్రిందుగా నిలిపి, రెండుమూడు దినములు వేచిచూడవలెను. ఇనుము త్రుప్పుపట్టుచు ఆమ్లజనిని గ్రహించును. నీరు మెల్లగా నైదవవంతునకు సమీపముగా నెక్కును. పుస్తకమున వ్రాసియున్న దానినైనను చేసి చూచినపిదపనే పిల్లలకు బోధించుట మేలు.

ఆర్గానుయొక్క చరిత్రము మిక్కిలి బోధకరమైనది. 1785వ సంవత్సరమున హెన్రీ కావెండిష్ అను నాంగ్లేయుడు గాలిలోని నత్రజనిని విద్యుత్ స్ఫులింగములచే ఆమ్లజనితో కలిపి తొలగించుచు పోగా, తుదకొక చిన్నబుడగ మిగిలెను. అది మొదటి నత్రజనిలో 120వ వంతునకు మించదని యాతడు వ్రాసియుంచెను. నూఱేండ్లకు పైగా ఆ బుడగ నెవ్వరును అంతగా పాటింపలేదు. పిమ్మట రాలీ ప్రభువు గాలినుండి తీసిన నత్రజని, ఇతర రసాయనద్రవ్యములనుండి తీసిన నత్రజనికంటె నూటికి అరపాలు చొప్పున బరువై యుండుట కనుగొనెను. ఆయన దానిని తక్కెడ దోషమని త్రోసిపుచ్చక, విలియం రామ్సేతో గూడి శోధించి, 1894లో ఆర్గానును వెల్లడించెను. కావెండిష్ పాత్రలో మిగిలిన బుడగ యదియే.

ఇక పొరలసంగతి. వాయుమండలమునకు పైకప్పువంటి హద్దు లేదు. పైకి పోవుకొలది గాలి పలుచనగుచుండును. 8,849 మీటర్ల యెత్తుగల ఎవరెస్టు శిఖరమున గాలిపీడనము సముద్రతీరమునందలి దానిలో మూడవవంతు మాత్రమే. ఉష్ణోగ్రత మాఱు విధమును బట్టి శాస్త్రజ్ఞులు వాయుమండలమును పొరలుగా నేర్పఱచిరి.

అన్నిటికంటె క్రిందిది ట్రోపో ఆవరణము. ధ్రువములయొద్ద సుమారు 8 కిలోమీటర్లును, భూమధ్యరేఖ చెంత 16 మొదలు 18 కిలోమీటర్లును దీని యెత్తు. గాలి బరువులో ముప్పాతికకు పైగా నిందే యున్నది. మబ్బులును వానలును తుపానులును ప్రాయికముగా నిందే పుట్టును. కిలోమీటరు పైకి పోయినకొలది సగటున ఆరున్నర డిగ్రీల వేడి తగ్గును. ఈ తగ్గుదలకు తుది లేదని పండితులు తలచియుండగా, లియోన్ తెస్రెన్ ద బోర్ అను ఫ్రెంచివాడు పరికరములతో మనుష్యులులేని బెలూనులను ఆకాశమునకు పంపెను. దాదాపు 11 కిలోమీటర్లపైన తగ్గుదల నిలిచిపోయినట్లు పరికరములు చూపెను. ఎండచే పరికరములు వేడెక్కినవేమో యని సందేహించి, ఆయన రాత్రులయందును బెలూనులను పంపి, రెండువందలకు పైగా పరీక్షలు జరిపినపిదప 1902లో ఆ సంగతిని ప్రకటించెను.

అట్లు తెలియవచ్చిన పైపొరయే స్ట్రాటో ఆవరణము. ఇది 50 కిలోమీటర్లవఱకు వ్యాపించియున్నది. ఇందు పైకి పోవుకొలది వేడి హెచ్చును. దాని పైది మీసో ఆవరణము. సుమారు 85 కిలోమీటర్ల యెత్తున నుష్ణోగ్రత సున్నకు దిగువ 90 డిగ్రీల ప్రాంతమునకు దిగును. ఉల్కలు పెక్కు లిచ్చటనే మండిపోవును. అంతకు పైదియగు థర్మో ఆవరణమున ఉష్ణోగ్రత వేయి డిగ్రీలను మించుటయు కలదు. ఐనను గాలి యత్యంతవిరళ మగుటచే ఆ వేడి యచ్చటి వస్తువులకు సోకదు. అటుపిమ్మట ఎక్సో ఆవరణము శూన్యాకాశమున లీనమగును. తిరుపతికి సమీపమున గాదంకియందలి రాడారు ఈ పొరలలో మొదటి మూడింటి గాలుల కదలికను భూమినుండియే పరిశీలించుటకై నిర్మింపబడినది.

స్ట్రాటో ఆవరణమున వేడి హెచ్చుటకు కారణము ఓజోను. అది సూర్యుని యతినీలలోహిత కిరణములను పీల్చుకొని, ప్రాణికోటిని కాపాడుచున్నది. ఆ ఓజోను నంతయు సముద్రతీరపు పీడనమునకు తెచ్చి భూమిపై పఱచినయెడల, దాని మందము మూడు మిల్లీమీటర్లు మాత్రమే యగును! శీతలయంత్రములలో వాడిన క్లోరోఫ్లోరోకార్బనులు దానిని నశింపజేయునని మొలీనా, రోలండు అను శాస్త్రజ్ఞులు 1974లో హెచ్చరించిరి. అంటార్కిటికాపై ఓజోను మిక్కిలి క్షీణించినట్లు 1985లో వెల్లడియయ్యెను. 1987లో మాంట్రియలు నగరమున నొడంబడిక జరిగెను. క్రమముగా ప్రపంచదేశములన్నియు నందు చేరెను. దాని ఫలముగా ఓజోను మెల్లగా కోలుకొనుచున్నది.

బొగ్గుపులుసు వాయువును ఇట్టిదియే. అదియు నీటియావిరియు మున్నగునవి భూమినుండి వెలువడు వేడిని పట్టియుంచనిచో, భూమి సగటు ఉష్ణోగ్రత సున్నకు దిగువ 18 డిగ్రీలుగా నుండెడిది. యంత్రయుగమునకు పూర్వము గాలి పది లక్షల పాళ్లలో బొగ్గుపులుసు వాయువు దాదాపు 280 పాళ్లుండెను. 1958లో చార్లెస్ కీలింగు హవాయి ద్వీపమున కొలువ నారంభించినప్పు డది 315 ప్రాంతమున నుండెను. ఇప్పుడు 420ని దాటినది. బొగ్గును, రాతినూనెను కాల్చుటయే యిందులకు ముఖ్యకారణము. భూమి వేడెక్కుటయు నిందువలననే. ఓజోను విషయమున లోకము చూపిన వివేకము ఈ విషయమున నింకను చాలినంతగా కానరాదు.

మా యొక్క యింటి దీపములవలనను, మా యొక్క బండివలనను నేమగునని కొందఱందురు. చదువుకొన్నవారును, కలిగినవారును ఈ మాట నాడుట తగదు. కావెండిష్ బుడగను నూఱేండ్లు పాటింపక విడిచినందున లోకము జ్ఞానమునే కొంతకాలము పోగొట్టుకొనెను; గాలిలోని యీ స్వల్పభాగమును పాటింపక విడిచినచో మన బిడ్డలు పోగొట్టుకొనునది యంతకంటె పెద్దది. కావున విజ్ఞులగు చదువరులు తమ యింటి వాడుకను తామే లెక్కించి చూచుకొందురనియు, వ్యర్థమైన దానిని మానుకొందురనియు నమ్ముచున్నాము.