సీసపుటద్దాల వెనుక కన్ను

గుండె రక్తనాళాలలోనికి సన్నని గొట్టమును పంపి అడ్డంకిని తొలగించే వైద్యుడు, ఎక్స్ కిరణాలు వెలువడుతుండగానే రోగి ప్రక్కన నిలిచి పనిచేయవలసి ఉంటుంది. నర్సు, టెక్నీషియను కూడా ఆ గదిలోనే ఉంటారు. రోగి దేహమును తాకి చెదరిన కిరణాలే వీరిపై పడతాయి. మేనికి సీసపు ఆప్రాన్ ఉన్నది. మరి కంటి మాటేమి?

నేత్ర కటకమునకు రక్తనాళాలు లేవు. కిరణధాటికి చెడిన కణాలు తొలగిపోవు. కటకపు వెనుక భాగమున చేరి మసక కలిగిస్తాయి. అదే శుక్లం. శుక్లమనగా తెలుపు. పేరు పెట్టినవారు కంటికి తోచిన రంగునే పేరుగా పెట్టినారు, కారణమును కాదు. పూర్వము ఈ వృత్తులవారి కటకమునకు ఏటికి 150 మిల్లీసీవర్టులు హద్దుగా ఉండేది. పూర్వము తలచినదానికన్న చాల తక్కువ మోతాదుకే, అనగా సుమారు 0.5 గ్రేకే, శుక్లం రాగలదని భావించి, 2011లో అంతర్జాతీయ వికిరణ రక్షణ సంఘం ఆ హద్దును అయిదేండ్ల సగటున ఏటికి 20కి దించవలెనని సూచించినది. ఏ ఒక్క ఏటనూ 50 మించరాదు.

హద్దు ఇంతగా తగ్గినప్పుడు కొలత సూక్ష్మముగా ఉండవలెను గదా! మన దేశములో సిబ్బంది రొమ్మున ధరించే బ్యాడ్జీలో డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేటు బిళ్ళలు ఉంటాయి. అవి కిరణశక్తిని దాచుకొని, వేడిచేసినప్పుడు వెలుగుగా విడుస్తాయి. ఆ వెలుగును బట్టి మోతాదును గణిస్తారు. ఉపాయము చక్కనిదే. కాని ఆప్రాన్ చాటున ఉన్న బిళ్ళ మొండెము సంగతి చెప్పునే గాని కంటి సంగతి చెప్పజాలదు. కటకము మోతాదును 3 మిల్లీమీటర్ల లోతున లెక్కించవలెను. అందుకు వేరు కొలమాని కావలెను.

అసలు చిక్కు కళ్ళద్దాలతోనే వచ్చినది. అర మిల్లీమీటరు సీసమునకు సమానమైన అద్దము, ఎదురుగా వచ్చే కిరణాలలో నూటికి తొంబది పాళ్ళకు పైగా ఆపగలదు. అయితే వైద్యుడు రోగి వైపు చూడడు, తెరవైపు చూస్తాడు. కిరణాలు క్రిందినుండి, ప్రక్కనుండి వస్తాయి. చెంపకూ అద్దమునకూ నడుమనున్న సందులో దూరుతాయి. కొన్ని ముఖమును తాకి, తలలోనే చెదరి కంటిని చేరుతాయి. ముక్కుకు అమరని అద్దాలు ఎంత ఖరీదైనవైనా ఈ దారిని మూయలేవు.

కొలమానిని అద్దము వెలుపల పెడితే లెక్క హెచ్చవుతుంది. లోపల పెడితే అది నిలిచిన చోటు అద్దపు నీడలో ఉండవచ్చును, కన్ను మాత్రము సందుకు ఎదురుగా ఉండవచ్చును. అప్పుడు లెక్క తగ్గుతుంది. కావున మనిషి తలను పోలిన బొమ్మలకు అద్దాలు తొడిగి, కంటి స్థానమున కొలమానులుంచి పరీక్షించినారు. అద్దము రకమును బట్టి, తల త్రిప్పిన కోణమును బట్టి ఫలితాలు ఎంతో మారినవి. అందుచేత, వేరు ఆధారము లేనప్పుడు, వెలుపలి కొలతను సగమునకు మించి తగ్గించరాదని మార్గదర్శకాలు చెప్పుచున్నవి. తొంబది పాళ్ళు ఆపే అద్దమునకు సగమే గుర్తింపా అని విద్యార్థి మిత్రులు అడుగవచ్చును. పరీక్షకు నిలిచినది అద్దము ఒక్కటే కాదు, దానిని ధరించిన మనిషి మెడ త్రిప్పిన తీరు కూడా. నా దృష్టిలో ఈ జాగ్రత్త ఉచితమే.

కిరణనాళము సాధారణముగా వైద్యుని ఎడమ వైపున ఉంటుంది గనుక, కొలమానిని ఎడమ కణత వద్ద, నాళము వైపునకు తిప్పి ధరింపజేస్తారు.